చూపే మాటగా మారాలంటే... తెలుగు గళ్లు కావాలి

పెద్దవూర : పక్షవాతంతోనో, నరాల వ్యాధితోనో నోటమాట పడిపోయి, కాలూచేయీ కదలక మంచానికే పరిమితమైన మనిషి కేవలం చూపుతో తన మనసులోని మాటను వెల్లడించగలడా? సాధ్యమేనని 1988లో అమెరికా పరిశోధకులు ఫార్వెల్, డోంచిన్ ఆరోగ్యవంతులపై జరిపిన ప్రయోగంతో చూపారు. దాహమైతే నీళ్లడగలేక, ఈగ వాలితే తోలమని చెప్పలేక నిస్సహాయంగా పడి ఉండే రోగులు మన పల్లెల్లోనూ ఉన్నారు. వారికి ఈ విద్య అక్కరకు రావాలంటే యంత్రం కొనుగోలు కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. రోగి కళ్లెదుట తెరపై ఏం చూపాలి? తెలుగు అక్షరాన్ని ఎలా చూపాలి?

మెదడులో తీగలు అమర్చే పద్ధతులూ ఉన్నాయి. ఇక్కడ చెప్పుకొనేది కోత లేని పద్ధతి గురించే. మూర్ఛ రోగులకు తీసే ఈఈజీ పరీక్ష మాదిరిగానే తలపై లోహపు బిళ్లలు అంటించి మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేస్తారు. (తలకు నూనె ఉంటే బిళ్లలు సరిగా పట్టవు, తలంటుకోవాల్సిందే.) ఆ సంకేతం వోల్టులో లక్షవ వంతు స్థాయిలో ఉంటుంది. చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు రొదలో దాన్ని పట్టుకోవాలంటే మెదడు స్పష్టంగా స్పందించేలా ఎదుటి దృశ్యాన్ని రూపొందించాలి.

ఫార్వెల్, డోంచిన్ తెరపై 6 అడ్డువరుసలు, 6 నిలువు వరుసలతో 36 గళ్లు గీశారు. 26 ఆంగ్ల అక్షరాలు పోను మిగిలినవి ఇతర ఆదేశాలకు కేటాయించారు. వరుసలు ఒక క్రమం లేకుండా మెరుస్తుంటాయి. తనకు కావలసిన అక్షరం మెరిసినప్పుడల్లా చూసేవారు మనసులో లెక్కపెట్టుకోవాలి. 12 మెరుపుల్లో 2 మాత్రమే వారు ఎదురుచూసేవి. అరుదుగా వచ్చే ఆ మెరుపు పడ్డాక సెకనులో సుమారు మూడో వంతుకు మెదడులో ఒక అల లేస్తుంది. దీన్నే పీ300 అంటారు. అది ఏ రెండు వరుసలకు లేచిందో గుర్తించి కంప్యూటర్ అక్షరాన్ని పట్టుకుంటుంది. అప్పట్లో సాధించిన వేగం నిమిషానికి 2.3 అక్షరాలు. పక్క వరుస మెరుపు కూడా దృష్టిని లాగి తప్పులకు దారితీస్తుండటంతో, పక్కపక్క గళ్లు ఒకేసారి మెరవకుండా చెదరగొట్టే విధానం 2010లో వచ్చింది. అక్షరంపై ప్రముఖుల ముఖం మెరిపిస్తే మెదడు స్పందన ఇంకా బలంగా ఉంటుందని జర్మనీ పరిశోధకులు 2011లో తేల్చారు. మన వద్దయితే ఎన్టీఆర్ బొమ్మ చాలునేమో!

'నీళ్లు'కు రెండున్నర నిమిషాలు

అసలు చిక్కు మన లిపితో వస్తుంది. 'నీళ్లు' అన్న మాటను కంప్యూటర్ లెక్కలో విడదీస్తే న, గుడిదీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము కలిపి 6 ఎంపికలు. నాటి వేగంతో దీనికే రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది. 'పెద్దవూర' అనే ఊరి పేరుకు 8 ఎంపికలు, దాదాపు మూడున్నర నిమిషాలు. ఆంగ్లానికి కుట్టిన చొక్కా తెలుగుకు బిగుతే.

అయితే మన అక్షరమాలలో ఒక సౌలభ్యం దాగి ఉంది. క, చ, ట, త, ప వర్గాల 25 అక్షరాలకు య నుంచి ఱ వరకు 11 కలిపితే హల్లులు సరిగ్గా 36. గళ్లూ 36. బడిలో వల్లెవేసిన వరుసే కావడంతో రోగి వెతుక్కోనవసరం లేదు. హల్లును ఎంచుకున్న వెంటనే రెండో తెరపై దాని గుణింతం రావాలి. అచ్చులకు, ఒత్తులకూ అక్కడే చోటివ్వాలి. వాడుకలో అరుదైన ఙ, ఞ, ఱ గళ్లను తీసి 'నీళ్లు', 'నొప్పి', 'పక్కకు తిప్పండి' అని రాస్తే మేలు. పండితులు నొచ్చుకోవచ్చు గానీ మంచంలోని మనిషికి ఙ కన్నా నీళ్లే ముఖ్యం. థ-ధ, ప-ఫ వంటి పోలికలున్న అక్షరాలను మాత్రం దూరంగా ఉంచాల్సి ఉంటుంది.

రెండు దీపాలతో అవును, కాదు

మరో పద్ధతిలో అక్షరానికి బదులు దీపం రెపరెపలాడుతుంది. సెకనుకు 15 సార్లు మినుకుమనే దీపాన్ని చూస్తే, కోలాటంలో తాళానికి అడుగు పడినట్లు తల వెనుక భాగంలోని దృష్టి కేంద్రం కూడా 15 హెర్ట్జ్ లయను అందుకుంటుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకుని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజేశ్ పి.ఎన్.రావు బృందం దీన్నే వాడుకుంది. 2019లో ప్రచురించిన ప్రయోగంలో 'అవును'కు 17, 'కాదు'కు 15 హెర్ట్జ్ దీపాలు పెట్టి, ముగ్గురి మెదళ్లను అనుసంధానించి టెట్రిస్ ఆట ఆడించింది. సగటు కచ్చితత్వం సుమారు 81 శాతం. 60 హెర్ట్జ్ కంప్యూటర్ తెరపై 15 తేలిక, 60ని 4తో భాగిస్తే సరి. 17కు నిశ్శేషంగా భాగింపు కుదరదు. వెలుగును అలలా పెంచుతూ తగ్గిస్తూ ఈ అడ్డంకిని దాటిన చైనా సింఘువా విశ్వవిద్యాలయం బృందం 2015లో 40 గళ్ల తెరపై నిమిషానికి 60 అక్షరాల వరకు సాధించింది.

వేగం చూసి మురిసిపోరాదు. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో ఓ కార్టూన్ ప్రసారంలో ఎరుపు, నీలి వెలుగులు సెకనుకు 12 సార్లు మారడంతో దాదాపు 700 మంది చిన్నారులు ఆస్పత్రుల పాలయ్యారు. మూర్ఛ ఉన్నవారిని వైద్యుల అనుమతి లేకుండా ఇలాంటి దీపాల ముందు కూర్చోబెట్టకూడదు. పక్షవాతంలో భాషా కేంద్రమే దెబ్బతిన్నవారికి అక్షరాల గళ్లు ఉపకరించవు. చూపు నిలపలేని రోగికి దీపాలూ అంతంతమాత్రమే.

యంత్రం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. ఫ్రాన్స్ పత్రికా సంపాదకుడు జాన్ దొమినిక్ బోబీ 1995లో పక్షవాతంతో కదలలేని స్థితికి చేరి, సహాయకురాలు అక్షరాలు చదువుతుండగా ఎడమకన్ను ఆర్పుతూ పుస్తకమే రాయించారు. అక్షరాలను వాడుక ఎక్కువున్న వరుసలో చదివేవారు. అట్టముక్కపై వర్గాల పట్టిక రాసి, ఇంట్లోవారు వేలితో ఒక్కో వరుసా చూపుతూ, రెప్ప వాలితే 'అవును' అని ఒప్పందం చేసుకుంటే చాలు. 'నీళ్లు', 'నొప్పి' మొదటి వరుసలో ఉంచాలి.