నీళ్లు తెలిసినంత మాత్రాన షాపు నడవదు

శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టులో చేపల దుకాణాల దగ్గర కాసేపు నిలబడి మాటలు వినండి. చాలామంది యాస మన సీమది కాదు. చేపల వేట కోసం ఉత్తరాంధ్ర తీరం నుంచి ఎప్పుడో వలస వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలవి. సముద్రం చూసినవాళ్లకు కృష్ణలో వల వేయడం పెద్ద పనేం కాదు. లైసెన్సు, సరుకు కొనేవాడు చెప్పే రేటు, ఏ ఒడ్డు దగ్గర ఏ ఊరివాళ్లు వేటాడతారన్న లెక్క... ఇవీ వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చినవి. అవతల కొల్లాపూర్ వైపు అలివి వలల గొడవ ఏళ్లుగా పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఒకే భాష, ఒకే నది. అయినా బయటివాడు బయటివాడే.

ఈ మాట ఎందుకంటే, ఈమధ్య నా బ్లాగ్‌కు ఫైనలియర్ కుర్రాళ్ల నుంచి ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. “అన్నా, థాయ్‌లాండ్‌లోనో బాలిలోనో స్కూబా షాపు పెట్టుకుంటే ఎలా ఉంటుంది?” క్యాంపస్ ప్లేస్‌మెంట్లు నీరసంగా ఉన్నప్పుడు ఆ రీల్స్ చూస్తే ఎవరికైనా మనసు అటే లాగుతుంది. ఆలోచన తప్పని నేననను. కానీ రీల్‌లో కనిపించేది నీళ్లలో ఉన్న ముప్పావుగంట. మిగతా రోజంతా ఒడ్డు మీదే గడుస్తుంది.

ముందు అర్హత సంగతి. పాడీ అనే సంస్థ పద్ధతిలో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంటే 18 మీటర్ల లోతు వరకు దిగొచ్చు. దాని తర్వాత అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, డైవ్‌మాస్టర్ దశలు దాటాలి. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు కూర్చోవాలంటే లాగ్‌బుక్‌లో కనీసం 100 డైవ్‌లు ఉండాలి. ఇదంతా డబ్బు, ఓపిక ఉంటే అయ్యే పనే.

అసలు చిక్కు దేశం మారాక మొదలవుతుంది. థాయ్‌లాండ్‌నే తీసుకోండి. వీసా లేకుండా టూరిస్టుగా దిగినంత మాత్రాన అక్కడ పనిచేసే హక్కు రాదు. వర్క్ పర్మిట్ లేకుండా దొరికితే 5 వేల నుంచి 50 వేల బాట్ల జరిమానా వేసి వెనక్కి పంపుతారు. ‘ఫ్రీగా హెల్ప్ చేస్తున్నాను’ అంటే ఊరుకోరు, జీతం తీసుకోకపోయినా పని పనే. ఇక సొంత షాపంటే 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం అడ్డొస్తుంది. మామూలుగా ఇలాంటి సేవల వ్యాపారంలో సగానికి పైగా వాటా థాయ్ పౌరులదే ఉండాలి. ఒక్క విదేశీయుడికి వర్క్ పర్మిట్ కావాలంటే కంపెనీకి 20 లక్షల బాట్ల మూలధనం, నలుగురు స్థానిక ఉద్యోగులు ఉండాలన్నది సాధారణ నియమం. మన డబ్బులో అది 50 లక్షలకు పైనే. వాటా కోసం ఎవరో ఒకరి పేరు రాయించేద్దామని సలహా ఇచ్చేవాళ్లు అక్కడా ఉంటారు, ఇక్కడా ఉంటారు. బినామీ వాటా బయటపడితే పేరు ఇచ్చినవాడికీ, రాయించుకున్నవాడికీ మూడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు. బయటపడకపోతే ఇంకో భయం. కాగితం మీద షాపు అతనిది. రేపు అతను అడ్డం తిరిగితే మీరు ఏ కోర్టుకు వెళ్తారు, ఏమని చెబుతారు?

ఇండియా వైపు లెక్కలు కూడా ఉన్నాయి. బయటికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉంది. అంత సొమ్ము మనలో ఎవరి దగ్గరుంది అంటారా? నిజమే. కానీ చిన్న మొత్తమైనా పెట్టుబడి కింద వెళ్తే దానికి వేరే ఫారాలుంటాయి, బ్యాంకు ద్వారా పద్ధతిగా పంపాలి. స్నేహితుడి ఖాతాలో వేసి సర్దుకోవడం కుదరదు.

ఇక రోజువారీ పని. సిలిండర్లను దాదాపు 200 బార్ ఒత్తిడికి నింపాలి. కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం జనరేటర్ పొగకు దగ్గరగా ఉందంటే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా కస్టమర్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిల్టర్లు టైముకు మార్చాలి, రెగ్యులేటర్లు విప్పి సర్వీసు చేయాలి, సిలిండర్లకు నిర్ణీత గడువులో ప్రెషర్ టెస్ట్ చేయించాలి. పడవ ఇంజన్ పొద్దున్నే మొరాయిస్తే, భాష రాని ఊళ్లో మెకానిక్‌ను బతిమాలుకోవాలి. రేపు ఫ్లైట్ ఉన్న కస్టమర్‌ను ఈ రోజు సాయంత్రం నీళ్లలోకి దించకూడదు. విమానం ఎక్కేముందు, వరుస డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. ఆ మాట చెప్పి, బుకింగ్ పోయినా సరే, డబ్బు వెనక్కి ఇచ్చేయాలి. వెబ్‌సైట్, బుకింగ్ యాప్ వీటన్నిటికన్నా చాలా తేలిక. టెక్ వాణ్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

వీటన్నిటికీ మించినది సీజన్. థాయ్‌లాండ్‌లో సిమిలాన్ దీవుల నేషనల్ పార్కును ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు మూసేస్తారు. ఆ అయిదు నెలలూ అద్దె ఆగదు, జీతాలూ ఆగవు. 2020లో కరోనా వచ్చినప్పుడు సరిహద్దులే మూతపడ్డాయి. అప్పుడు స్థానికుడికి సొంత ఇల్లయినా ఉంది. పరాయివాడి వీసాయే ఆ వ్యాపారం మీద ఆధారపడి ఉంది. షాపు మూస్తే ఉండే హక్కూ ప్రమాదంలో పడుతుంది. నా దృష్టిలో అసలు రిస్కు ఇదే. దీన్ని ఏ రీల్‌లోనూ చెప్పరు.

అందుకే నా అభిప్రాయం: షాపు ఆలోచన అయిదేళ్లు పక్కన పెట్టండి. ముందు ఇంకొకరి షాపులో, వర్క్ పర్మిట్‌తో, జీతానికి చేయండి. ఒక సీజన్‌తో సరిపెట్టకుండా వానాకాలంలో కూడా అక్కడే ఉండి చూడండి. విదేశమే కానక్కర్లేదు, అండమాన్ ఉంది, మన విశాఖ ఉంది. మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలకు ఇందులో ఒక అదనపు బలం ఉంది. నీళ్లలో పాఠం చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. కంప్రెసర్ విప్పి బిగించగలిగినవాడు దొరికితే ఓనరు వదులుకోడు.

‘విదేశాల్లో ఇన్‌స్ట్రక్టర్ ఇంటర్న్‌షిప్’ అంటూ లక్షల్లో ప్యాకేజీ చూపించేవాళ్లు మీకు తగులుతారు. కట్టేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. నేను అక్కడ ఏ వీసా మీద పనిచేస్తాను? వర్క్ పర్మిట్ ఎవరి పేరుతో, ఎవరి ఖర్చుతో వస్తుంది? “అక్కడికి వచ్చాక చూసుకుందాం” అంటే ఆ డబ్బు మీ నాన్న ఖాతాలోనే ఉండనివ్వండి.