లీగ్ కన్నా ముందు పిల్లలు
2025 చివర్లో జూనియర్ హాకీ ప్రపంచకప్ చెన్నైతోపాటు మదురైకీ వచ్చింది. మన కోయంబత్తూరుకూ పెద్ద పోటీలు రావాలని ఇక్కడి గాంధీపురంలో ఎవరికైనా అనిపిస్తుంది, సహజమే. కానీ హాకీ ఇండియా లీగ్‌ను నమ్ముకుని స్టేడియం మీద కోట్లు కుమ్మరించడం తప్పు. 2013లో మొదలైన ఆ లీగ్ 2017 తర్వాత ఏడేళ్ళు కనబడలేదు. 2024 డిసెంబరులో తిరిగొచ్చాక తొలి సీజన్‌లోనే హైదరాబాద్ తూఫాన్స్ జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. సొంత ఊళ్ళో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ సీజన్ పోటీలన్నీ ఒడిశా, ఝార్ఖండ్‌లలోనే జరిగాయి. ఇక మైదానం సంగతి: హాకీ ఆడే కృత్రిమ టర్ఫ్‌ను సాధారణంగా ఆటకు ముందు నీళ్ళతో తడపాలి, కొన్నేళ్ళకోసారి మార్చాలి. ఆ ఖర్చు కార్పొరేషన్ తప్పక పెట్టాలి, తన బడి పిల్లలు రోజూ సాయంత్రం ఆడుకోవడానికి. గ్యాలరీల మాట తర్వాత. ముందు శిక్షకుల్ని నియమించండి.