శిల్పి పేరు

నందికొండ యానకట్ట వెనుక మునిగిన నాగార్జునకొండ లోయలో 3వ శతాబ్దపు శాసనమొకటి లభించినది. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ యేట బోధిసిరి యను నుపాసిక కట్టించిన చైత్యగృహమును గూర్చి యది తెలుపును. పనిని నడిపిన మువ్వురు స్థవిరులతోపాటు శిలావర్ధకియగు విధికుని పేరును నందు గలదు.

నేడో? భవనము ముగిసి, ధనము తరిగిన పిదప, మిగిలిన గోడకు బొమ్మ నతికింప శిల్పికి కబురంపుట పరిపాటియైనది. 2022లో నందికొండయొద్ద బుద్ధవనమును ప్రారంభించిరి. అందు అమరావతి రీతిని మహాస్తూపమును నిలిపిరి. పూర్వుల రూపమును గ్రహించుట మేలే. వారి పద్ధతిని గూడ గ్రహింపవలదా?

మేము కోరునది స్వల్పము. సర్కారు కట్టడములకు తొలిగీటు గీయునాడే స్థపతిచెంత శిల్పిని గూర్చుండబెట్టుడు. ఆతని పాలు ధనమును నాడే వేరుపరుపుడు. ప్రారంభఫలకముపై మంత్రుల పేళ్లక్రింద నాతని పేరునకును జోటిండు.