మెట్రో వచ్చింది సరే, వీడియో కూడిక మానేద్దామా?

2025 ఆగస్టు 10న ఎల్లో లైను మెట్రో మొదలైంది. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. మన హెబ్బగోడికీ ఒక స్టేషన్ దక్కింది. సిల్క్ బోర్డు దగ్గర ఇన్నేళ్లు బస్సుల్లో చెమటలు కక్కిన మనకు ఇది చిన్న సంగతి కాదు. అప్పటి నుంచి మా సంఘంలో ఒకటే మాట. "ఇంకా నెలకోసారి ఆ వీడియో కూడిక దేనికండీ? ఆర్‌వీ రోడ్డులో రైలు మారితే వయ్యాలికావల్ కళామందిరానికే పోవచ్చు గదా!"

మాట బాగానే ఉంది. కానీ నేను ఉద్యోగమంతా హాజరు పట్టీలు రాసిన గుమాస్తాను. ఎవరు వచ్చారన్నది కాదు, ఎవరు రాలేదన్నదే నాకు ముందు కనబడుతుంది. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు ఉంది. ఇంటి నుంచి స్టేషన్ దాకా మోకాళ్లే కదా నడవాలి! బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో సెకండ్ షిఫ్టు చేసేవాళ్లు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఉండేవాళ్లు రైలెక్కి రారు. మా కూడికకు ప్రాణం వాళ్లే.

మా సరదా నాటక పద్యాలు. కన్నడ దేశంలో ఇది కొత్తగా తెచ్చిపెట్టుకున్నది కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, రాఘవ తెలుగు నాటకాన్ని నిలబెట్టింది బళ్లారిలోనే.

అయితే వీడియో కూడికకూ తిప్పలున్నాయి. 2025 మే 5న స్కైప్ మూతబడింది. ఆ ఒక్క బటనే నేర్చుకున్న పెద్దలు ఆ నెల రాలేకపోయారు. అప్పుడు పనికొచ్చింది నా పాత నోటుబుక్కులోని ఫోన్ నంబర్లే. ఏ యాప్ ఎప్పుడు పోతుందో మన చేతిలో లేదు, మనుషుల జాబితా మాత్రం మన చేతిలో ఉండాలి.

ఉచితంగా అయితే జూమ్‌లో 40 నిమిషాలు, గూగుల్ మీట్‌లో గంట. మనిషికో పద్యం, రెండు ముచ్చట్లు అనుకుంటే ఏడెనిమిది మందికి 40 నిమిషాలు చాలు. జూమ్ మన హార్మోనియాన్ని రొద అనుకుని నొక్కేస్తుంది. పాడేవారు సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టుకోవాలి. ఇద్దరు కలిసి పాడితే కుదరదు, శబ్దం చేరేసరికి తాళం తప్పుతుంది. ఒకరు పాడుతుంటే మిగతావారు మైకు ఆపాలి. వేళ సాయంత్రం ఏడు. అమెరికా తూర్పు తీరంలో అది వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర.

వీటన్నిటికన్నా పెద్ద ముప్పు తెచ్చింది నేనే. మూడో నెలకల్లా అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి, వందన సమర్పణ చేర్చాను. కార్యదర్శి బుద్ధి ఎక్కడికి పోతుంది! పద్యాలకు ముందే 25 నిమిషాలు గడిచాయి. తరువాతి నెల సగం మంది రాలేదు. అవన్నీ తీసేశాక మళ్లీ వచ్చారు. కబుర్లకు వచ్చినవారిని సభలో కూర్చోబెట్టకూడదని అప్పుడు తెలిసింది.

ఇక అసలు సంగతి. మన మనవలకు ఇంట్లో తెలుగు వస్తుంది, బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం రాదని వాళ్లను పక్కన కూర్చోబెడితే ఈ పద్యాలు మనతోనే ఆఖరు. అందుకే పద్యాన్ని కన్నడ లిపిలో రాసి ముందురోజే వాట్సాప్‌లో పంపుతున్నాం. పోయిన కూడికలో పదకొండేళ్ల పిల్ల అలా చూసి రాయబారం పద్యం ఎత్తుకుంటే, అమెరికాలో ఉన్న వాళ్ల తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు 'క' గుణింతం నేర్పమని అడుగుతోంది.

కాబట్టి నా లెక్క ఇది. మూడు నెలలకోసారి మెట్రో ఎక్కి కళామందిరానికి పోదాం, కానీ నెలనెలా వీడియో కూడిక ఆపొద్దు. మీ పేటలో పద్యమో, పాత పాటో, చదరంగమో ఇష్టపడేవారు అయిదుగురుంటే చాలు, మొదలుపెట్టండి. దండలూ శాలువలూ మాత్రం వద్దు.