బీళ్లకు విశ్రాంతి, మందలకు దారి

కోల్‌కతా: దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి నాంది పలికిన ఉత్తర్వుల్లో ఒకటి 1989 జూలైలో నాటి కలకత్తాలోని పశ్చిమ బెంగాల్ సచివాలయం నుంచి వెలువడింది. దానికి మూలం అప్పటి మిడ్నపూర్ జిల్లాలోని అరాబరి. 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ అక్కడ 11 గ్రామాలకు చెందిన 618 కుటుంబాలను కూడగట్టి, 1,272 హెక్టార్లలో చెట్ల నరికివేతను, పశువుల మేతను ఆపించారు. మోడులైన సాల వృక్షాలు మళ్లీ చిగిర్చాయి. కలప ఆదాయంలో నాలుగో వంతు గ్రామస్థుల వాటా అయింది.

అయితే ఆక్రమణ, అగ్ని, దొంగతనాల సరసన మేతనూ నిరోధించవలసిన చర్యగానే ఆ ఉత్తర్వు పరిగణించింది. చెట్టుకు పనికివచ్చిన సూత్రం గడ్డికి యథాతథంగా వర్తించదు.

మెట్ట ప్రాంతపు బహువార్షిక గడ్డిలో చిగురు పుట్టే చోటు నేలకు అంటుకొని ఉంటుంది. అందుకే పశువు కొరికినా దుబ్బు చావదు. కాని తొలకరికి వచ్చే లేత ఆకు, వేరులో, దుబ్బు మొదట్లో దాచుకున్న పోషకాల ఫలితం. అది పదే పదే మేతకు పోతే వేరు కుంచించుకుపోతుంది. అంజన్ వంటి మేలైన గడ్డి తగ్గి, పశువు ముట్టని పోచలు ఆ చోటును ఆక్రమిస్తాయి. తొలకరి నుంచి గింజ రాలేదాకా మందను దూరంగా ఉంచితే దుబ్బు కోలుకుంటుంది. ఈ సంగతి కాపరులకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

శాశ్వత నిషేధం మాత్రం విశ్రాంతి అనిపించుకోదు. ఎండుపోచ పేరుకొని కొత్త చిగురుకు వెలుతురు అందదు. వేసవిలో అదే నిప్పుకు ఆహుతి అవుతుంది. చిత్తడి నేలే అయినా భరత్‌పూర్ పక్షుల ఉద్యానం ఉదంతం గమనార్హం. 1982లో అక్కడ గేదెల మేతను నిషేధించగా, గడ్డి విపరీతంగా పెరిగి నీటి మడుగులనే కప్పివేసింది.

ఒక బీడు మూసినప్పుడు మరొకటి తెరవకపోతే మంద ఎక్కడికి పోవాలి? తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం సబ్సిడీపై ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలను, ఒక పొట్టేలును పంపిణీ చేసింది. జీవాలపై చూపిన శ్రద్ధ వాటి మేత నేలపై కనిపించలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేత హక్కును, సంచార కాపరుల రుతువారీ రాకపోకలను గుర్తించింది. ఏ బీడును ఏ నెలలో మూయాలో గ్రామసభ కాపరులతో కూర్చొని నిర్ణయించడానికి అటవీ శాఖ అడ్డు చెప్పరాదు. మూసే తేదీతోపాటు తెరిచే తేదీని కూడా అదే నోటీసులో ప్రకటించాలి.