ఇరువదియొకటవ యేటి దుఃఖము



ఈ శీర్షికలో మేము సాధారణముగా పర్వదినములను గూర్చియు, గృహస్థుల నియమములను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము వేఱొక విషయమును చేపట్టితిమి. బుద్ధివికాసము మందగించిన బిడ్డను పెంచు తల్లిదండ్రుల మనఃస్థితిని అమెరికా దేశమున సాంఘికసేవాశాస్త్రమును బోధించిన యొక విదుషీమణి పరిశీలించిరి. ఆమె కనుగొనిన సంగతి మన సంఘములోని ప్రతి గృహమునకును తెలియవలసినదని మా యభిప్రాయము.

ముందుగా, ఆమెకు పూర్వము జరిగిన చర్చను కొంత చెప్పవలెను. అట్టి బిడ్డ కలిగినప్పుడు తల్లిదండ్రులు కొంతకాలము దుఃఖించి పిమ్మట సమాధానపడవలెననియు, అట్లు సమాధానపడనివారి మనస్సులోనే లోపమున్నదనియు ఆ దేశపు వైద్యులును సేవాకార్యకర్తలును పలువురు తలచుచుండిరి. 1962వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్రమునకు చెందిన సైమన్ ఓల్షాన్‌స్కీ యను నాయన 'సోషల్ కేస్‌వర్క్' అను పత్రికలో ఈ తలంపును ఖండించెను. ఆ దుఃఖము బ్రదికినంతకాలము వెంటనుండునదే గాని రోగము కాదనెను. దానికి ఆయన యిచ్చిన పేరునకు చిరకాల దుఃఖమని యర్థము. అంతమాత్రమున ఆ తల్లికి బిడ్డవలన సంతోషము లేదని కాదు. రెండును ఒక్క హృదయములోనే నివసించును. ఒప్పుకొనుడు, ఒప్పుకొనుడు అని తల్లిదండ్రులను తొందరపెట్టుట మాని, ఏండ్ల తరబడి వారికి అందుబాటులో నుండుడని ఆయన కార్యకర్తలకు చెప్పెను. పసిపిల్లల బడి, ప్రత్యేక తరగతి, పగటివేళ సంరక్షణ, పెద్దయైన పిదప చేయదగిన పని, ఇవి యున్నచో ఆ యింటి భారము కొంత తగ్గునని ఆయన వాదము.

ఇది తల్లిదండ్రులతో మాటలాడిన యొక్క మనుష్యుని యనుభవము. దీనిని తల్లిదండ్రులనే యడిగి తేల్చుకొనవలెనని పూనుకొన్నవారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునందలి లిన్ విక్లర్. మోనా వాసో, ఎలేన్ హాట్‌ఫీల్డ్ అను నిరువురితో గూడి 1981లో ఆమె తమ పరిశోధనమును ప్రకటించిరి. వారవలంబించిన పద్ధతి మిక్కిలి సులభము. ఒకే విధమైన ప్రశ్నలను తల్లిదండ్రులకును, సేవాకార్యకర్తలకును ఇచ్చిరి. బిడ్డ జీవితములో ఏ ఘట్టము ఎంత బాధ కలిగించినదో తల్లిదండ్రులు చెప్పవలెను. ఎంత బాధ కలిగించి యుండునో కార్యకర్తలు ఊహింపవలెను.

ఆ ఘట్టములను చదివినప్పుడు మాకు మన యిండ్లే కన్నులకు కట్టినవి. బిడ్డకు లోపమున్నదని వైద్యుడు చెప్పిన దినము. నడవవలసిన వయస్సు, మాటలాడవలసిన వయస్సు. తోడి పిల్లలు బడికి పోవు దినము. తమ్ముడో చెల్లెలో అన్నను మించిపోవు దినము, ఇది యెంత సూక్ష్మమైన బాధయో కన్నవారికే యెఱుక. చిన్నవాడు చొక్కా గుండీలు తానే పెట్టుకొన్నాడని సంతోషింపబోయి తల్లి పెద్దవానివైపు చూచును. పిమ్మట యౌవనము, ఇరువదియొకటవ జన్మదినము. తుదకు, మా తరువాత వీనికి దిక్కెవరను ప్రశ్న.

ఫలితమేమనగా, కార్యకర్తల యూహ తప్పినది. ప్రారంభపు బాధను వారు ఉన్నదానికంటె ఎక్కువగా లెక్కించిరి. తరువాత వచ్చిన బాధను తక్కువగా లెక్కించిరి. ఇరువదియొకటవ యేటి వంటి ఘట్టములు తల్లిదండ్రులను ఎంతగా క్రుంగదీయునో వారెఱుగరైరి. దుఃఖము క్రమముగా సన్నగిల్లి మాయమగునది కాదనియు, అలవలె అణగి మరల మరల లేచుచుండుననియు తల్లిదండ్రుల యుత్తరముల వలన తేలినది. ఆ దేశమున ఆ వయస్సునకు మఱియొక చిక్కును గలదు. 1975లో చేసిన శాసనము ప్రకారము వికలాంగులైన పిల్లలకు ప్రభుత్వము చెప్పించు ప్రత్యేక విద్య ఇంచుమించు ఇరువదియొకటవ యేటితోనే ముగియును. అంతవఱకు ప్రతిదినము ఇంటిముందు నిలిచిన బడిబస్సు ఆ పిదప రాదు.

శిక్షణ పొందినవారే యిట్లు పొరబడిరన్నచో మన మాట చెప్పనేల? బిడ్డ పుట్టి లోపము తెలిసినప్పుడు పదిమంది బంధువులు ఆ యింటికి పోవుదురు, పండ్లు పట్టుకొనిపోవుదురు, కన్నీరు కార్తురు. ఇరువదియేండ్ల పిమ్మట ఆ బిడ్డ చెల్లెలి వివాహము నాడు, తల్లి ముఖము చిన్నబోయినచో, ఇంకను మఱువలేదా అందురు. పందిళ్ల నిండ జనమున్నను ఆమె ప్రక్కన కూర్చుండువారుండరు. తాతల కాలమున తోటల కాంపులలో గోడకు గోడ తగిలి యిండ్లుండెడివి. అట్టి బిడ్డను ఏ పిన్నియో ఏ అవ్వయో కనిపెట్టుచుండెడిది. ఇప్పుడిండ్లు దూరదూరముగా నున్నవి, తలుపులు మూసియున్నవి.

పూర్వజన్మ ఫలమని చెప్పువారును మనలో గలరు. మేము అర్చకవృత్తిలోని వారము, కర్మసిద్ధాంతమును కాదనము. కాని ఇతరుల బిడ్డ ముఖము చూచి వారి కర్మను చదువు నధికారము ఎవరికిని ఏ శాస్త్రమును ఇచ్చియుండలేదు. అష్టావక్రుని కథ చెప్పి ఊరడించువారును గలరు. మంచి యుద్దేశమే. అయితే అష్టావక్రుడు మహాజ్ఞాని. ఈ బిడ్డ జ్ఞాని కానక్కఱలేదు, బిడ్డయైనచో చాలును.

విక్లరును ఆమె సహచరులును 1983లో మరల వ్రాసినప్పుడు, అట్టి కుటుంబములయందలి బలములను వెదకుట గూర్చి వ్రాసిరి. దుఃఖమును మాత్రమే చూచినవాడు ఆ తల్లిని సగమే చూచినవాడు.

కావున మా విన్నపము చిన్నది. అట్టి బిడ్డ గల యింటికి ఈ మాసములో ఒకసారి పోవుడు. బిడ్డ వయస్సు ముప్పదియైనను పోవుడు. సలహా చెప్పవలదు. ఒక పూట బిడ్డను మేము చూచుకొందుము, మీరు ఆలయమునకు పోయి రండని చెప్పుడు. కల్యాణోత్సవము నాడు మండపములో ముందువరుసను ఆ కుటుంబములకై విడిచి యుంచవలెనని సంఘము కార్యదర్శిగారిని కోరితిమి. ఆ దినమున గంట రెండుగంటలు బిడ్డలను కనిపెట్టగల స్త్రీపురుషులు తమ పేర్లను వారియొద్ద వ్రాయించవచ్చును.