బావి దగ్గర మొదలయ్యే వైద్యం

నోయిడా వంటి నగరాలలో నాడీశస్త్రవైద్యుని ఎంచుకొనేవారు రెండు ప్రశ్నలు అడుగుతారు: ఎన్నేళ్ల అనుభవం? ఏ శస్త్రచికిత్సలో నేర్పరి? వైద్యుడు తనను తాను అడుగవలసిన మూడవ ప్రశ్న ఒకటున్నది: ఈ వ్యాధి ఎక్కడినుండి వచ్చినది? హైదరాబాదు నాడీశస్త్రవైద్యులు డాక్టర్ డి. రాజారెడ్డి గారి కృషిలో ఆ ప్రశ్న కనిపిస్తుంది.

నల్లగొండ ప్రాంతపు పల్లెలలో తరతరాలుగా త్రాగిన బావినీటిలోని ఫ్లోరైడు ఎముకలలో పేరుకొన్నది. ఈ ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపూసలు మందమై, వాటిని కలిపే బంధనాలు ఎముకవలె గట్టిపడతాయి. నడుమ వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. శస్త్రవైద్యుడు ఎముకను తొలగించి ఒత్తిడి తగ్గించగలడు. నశించిన నాడిని బ్రతికించలేడు. అందుకే రాజారెడ్డి గారు చికిత్సతో ఆగక, ఈ వ్యాధి నాడీమండలాన్ని దెబ్బతీసే తీరును పరిశోధించి, 1979 నుండి 2009 వరకు వెలువడిన రచనలలో వివరించారు.

మన దేశంలో ఈ వ్యాధిని నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించినట్లు 1937లోనే ప్రకటించారు. పటిక, సున్నములతో నీటిని శుద్ధిచేసే 'నల్లగొండ పద్ధతి' 1970లలో రూపొందినది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ హద్దును కాపాడుకొన్న ఊరిలో ఈ వ్యాధికై శస్త్రశాల చేరవలసినవారు ఉండరు.